పదమూడో హోల్ దగ్గర సుందరి

1995 డిసెంబరులో ఆ శుక్రవారం పొద్దున్న పొగమంచు పట్టకపోయి ఉంటే, దేముడు తన ఆట ముగించుకుని వేళకి ఆఫీసుకు చేరేవాడు. ఎవరికీ ఏ నష్టమూ జరిగేది కాదు. చాలా రోజులు అతను అలాగే అనుకున్నాడు. తరవాత అలా అనుకోవడం మానేశాడు.

దేముడి తండ్రి సూరన్న శ్రీకాకుళం వైపు మనిషి. పెళ్లికాకముందే హౌరాలో రైలు దిగి, కలకత్తా కార్పొరేషన్‌లో మురుగుకాలవల పనిలో చేరి, ఇరవై ఎనిమిదేళ్లు ఆ పనే చేశాడు. వాట్‌గంజ్‌లో కార్పొరేషన్ వాళ్ల క్వార్టరు: ఒక గది, ముందు చిన్న వరండా, పది ఇళ్లకి కలిపి ఒక కుళాయి. తల్లి అప్పమ్మ నాలుగిళ్లలో అంట్లు తోమేది. చెల్లెలు సుందరి బెంగాలీ మీడియంలో పన్నెండో తరగతి ప్యాసై, నర్సు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టి, జనవరిలో జరగబోయే ఇంటర్వ్యూ కోసం రోజులు లెక్కపెట్టుకుంటోంది. ఆ క్వార్టర్ల వరసలో అంతదాకా చదివిన ఆడపిల్ల ఆమె ఒక్కతే.

దేముడు ఎనిమిదితో ఆపేశాడు. అదే వరసలో ఉండే బైరాగి నగరానికి దక్షిణాన ఒక పెద్ద గోల్ఫ్ క్లబ్బులో కేడీ. అంటే, ఆడేవాళ్ల కర్రల సంచీ భుజాన వేసుకుని వాళ్ల వెంట నడిచే మనిషి. దేముణ్ణి ఆ పనికి అతనే తీసుకెళ్లాడు. సోమవారాలు క్లబ్బు సభ్యులకు సెలవు. ఆ ఒక్కరోజూ మైదానం కేడీలది. దేముడు ఆరు రోజులు పెద్దవాళ్ల ఆట చూసి, ఏడో రోజు దాన్ని తన ఒంటిమీద చేసి చూసుకునేవాడు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి కేడీల్లో అతన్ని ఓడించేవాడు లేకపోయాడు. ఇరవై రెండేళ్లకి సభ్యులే అతనితో ఆడటానికి మొహమాటపడసాగారు.

ఆ సభ్యుల్లో ఒకాయన నరసింహం గారు. గుంటూరు మనిషి, బ్యాంకులో పెద్ద అధికారి, బదిలీ మీద కలకత్తా వచ్చారు. దేముడు తెలుగువాడని తెలిశాక ఎప్పుడూ అతన్నే వెంట పిలిచేవారు. తన పాత కర్రల సెట్టు ఇచ్చేశారు. దేముడికి ఇంగ్లీషు రాదు, తెలుగు చదవడమూ అంతంతమాత్రమే. ప్రొఫెషనల్ కావడానికి కావలసిన ఫారాలన్నీ ఆయనే నింపారు, కట్టవలసిన డబ్బు తన బ్యాంకు చేత కట్టించారు. దేముడు అర్హత పోటీలో నెగ్గినప్పుడు అప్పమ్మ వరసంతా బూందీ పంచింది. కొడుకు ఏం నెగ్గాడో ఆమెకి సరిగ్గా తెలియదు. అడిగినవాళ్లకి, బాబులు ఆడే ఆట ఇప్పుడు మావాడు ఆడతాడని చెప్పింది.

ఆ మొదటి ఏడాది దేముణ్ణి నలిపేసింది.

ఒక్కో పోటీ నాలుగు రోజులు. రెండు రోజుల ఆట అయ్యాక వెనకబడ్డ సగం మందిని తీసేస్తారు, దాన్నే కట్ అంటారు. కట్‌లో పోయినవాడికి డబ్బేమీ రాదు, సంచీ సర్దుకుని రైలెక్కడమే. తొమ్మిది పోటీల్లో ఏడింట్లో దేముడు రెండో రోజే రైలెక్కాడు. ఢిల్లీ గడ్డి వేరు, బెంగళూరు ఎత్తుపల్లాలు వేరు. తోటి ఆటగాళ్లు హోటళ్లలో దిగితే అతను అక్కడి కేడీల షెడ్డులో వాళ్లతో కలిసి రొట్టెలు తిని పడుకునేవాడు. తెల్లవారి అదే కేడీల్లో ఒకడు అతని సంచీ మోస్తుంటే సిగ్గుపడేవాడు. పక్కన ఆడేవాళ్లు ఇంగ్లీషులో ఏదో అంటే తలూపేవాడు. వాళ్లు అతన్ని పొగరుబోతు అనుకున్నారు.

బెంగళూరులో రెండడుగుల దూరం నుంచి బంతిని హోల్‌లో, అంటే జెండా గుచ్చిన చిన్న గుంటలో, వేయలేకపోయాడు. చేయి వణికింది. ఆ తరవాత చిన్న దెబ్బ కొట్టవలసి వచ్చినప్పుడల్లా చేతి సంగతి ముందే గుర్తొచ్చేది, గుర్తురాగానే వణికేది. ఈ సంగతి బైరాగికి తప్ప ఎవరికీ చెప్పలేదు. బైరాగి కూడా ఒకప్పుడు బాగా ఆడినవాడే. అంతా విని, తనకీ అలాగే పట్టుకుందని, అప్పుడే ఆట మానేశానని చెప్పాడు. ఆ మాట దేముణ్ణి మరింత భయపెట్టింది.

ఏడాదంతా గెలుచుకున్న డబ్బు లెక్కలో మొదటి అరవై మందికే మరుసటి ఏడు చోటు. డిసెంబరు నాటికి దేముడు అరవై నాలుగో వాడు. ఆఖరి పోటీ కలకత్తాలో, అతను పదేళ్లు సంచీలు మోసిన క్లబ్బులోనే. అక్కడ ఏ గడ్డి ఎటు వాలి ఉందో అతని పాదాలకి తెలుసు. అక్కడ కూడా పోతే ఇంకెక్కడా లేదు. పైగా నరసింహం గారికి జనవరిలో హైదరాబాదు బదిలీ. ఆయన వెళ్లిపోయాక ఫారం నింపే మనిషి కూడా ఉండడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే సూరన్నకి ఊపిరి అందడం మానేసింది. వానాకాలంలో మొదలైన దగ్గు శీతాకాలానికి మనిషిని మంచం పట్టించింది. డాక్టర్లు పరీక్ష చేసి ఇక పనికి పనికిరాడని రాశారు. అలా రాసినప్పుడు ఇంట్లో ఒకరికి ఆ ఉద్యోగం ఇస్తారు. ఉద్యోగం ఉంటేనే క్వార్టరు ఉంటుంది, లేకపోతే మూడు నెలల్లో ఖాళీ చేయాలి. సూరన్న కొడుకు పేరు ఇచ్చాడు. ఎవరినీ అడగలేదు, అడగవలసింది ఏమైనా ఉందని ఆయనకి తోచలేదు. కాగితం వచ్చింది. శుక్రవారం పన్నెండు గంటలలోపు ఖిదిర్‌పూర్ ఆఫీసులో హెడ్ క్లర్కు ముందు సంతకం పెట్టాలి. వెంటనే డాక్టరు చూస్తాడు. ఏడాది ముగిసేలోగా డాక్టరు మళ్లీ కూర్చోడు, ఏడాది మారితే ఆ ఖాళీ ఉండదు.

పోటీలో రెండో రోజు కూడా ఆ శుక్రవారమే.

బుధవారం నాడు దేముడు ఆఫీసుకి వెళ్లి ఇంకో రోజు ఇమ్మని బతిమాలాడు. హెడ్ క్లర్కు చెడ్డవాడు కాదు, వయసు మళ్లిన బెంగాలీ బాబు. తన చేతిలో ఏమీ లేదని, పన్నెండు అంటే ఒక గంట అటూ ఇటూ తను చూసుకోగలనని మాత్రం అన్నాడు. దేముడు ఇంటికొచ్చి ఆ మాటే చెప్పాడు.

సూరన్న గోడకి జారబడి కూర్చుని విన్నాడు. రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ, "ఒరే, ఆ కర్రట్టుకుని ఇంకెన్నాళ్లు తిరుగుతావు? ఇది పోతే మనం ఎక్కడుంటాం?" అన్నాడు.

"నా ఆట ఏడింటికే మొదలు, అయ్యా. పదకొండున్నరకల్లా అయిపోతాది. బేగి ఒచ్చీసి సంతకం ఎట్టెస్తాను."

"ఎట్టి?"

సంతకం పెట్టాక ఏం చేయాలో దేముడు ఆలోచించలేదు. ముందు శుక్రవారం గడవాలి, అంతే.

గురువారం అతను బాగానే ఆడాడు. ఒక్కో జెండా దాకా ఒక్కో హోల్ చొప్పున పద్దెనిమిది హోల్‌లకీ కలిపి డెబ్బై రెండు దెబ్బలు ఆ మైదానం లెక్క, ఎంత తగ్గితే అంత మేలు. అతను డెబ్బై మూడు కొట్టాడు. రెండు రోజులకీ కలిపి లెక్కకన్నా మూడు దెబ్బలు మించకపోతే కట్ దాటొచ్చని కేడీలు అనుకుంటున్నారు. సాయంత్రం నరసింహం గారు అతన్ని పక్కకి పిలిచారు. ఆఫీసు సంగతి ఆయనకి బైరాగి చెప్పినట్టున్నాడు. "దేముడూ, నా మాట విను. గవర్నమెంటు ఉద్యోగం లాంటిది అది, వదులుకోకు. ఆట ఎక్కడికీ పోదు, సెలవు రోజుల్లో ఆడుకోవచ్చు," అన్నారు ఆయన, ఎంతో ప్రేమగా.

దేముడు తలూపాడు. బస్సులో ఇంటికి వెళుతున్నంతసేపూ ఆ ప్రేమ అతన్ని కాల్చింది. ఆయనే కదా ఈ ఆట ఆడించింది. సెలవు రోజుల్లో ఆడుకునే ఆటే అయితే సోమవారాలు అతనికి ఎప్పుడూ ఉండేవి.

శుక్రవారం ఆరున్నరకి క్లబ్బు గేటు దగ్గర దిగేసరికి చెయ్యి చాపితే వేళ్లు కనిపించడం లేదు. మొదటి హోల్ జెండా మాట అటుంచి, పక్కనున్న చెట్లే కనిపించలేదు. పొగమంచు తీసేదాకా ఆట ఆపేశామని హారన్ మోగించారు. ఏడయింది, ఎనిమిదయింది. కేడీల షెడ్డులో బెంచీ మీద కూర్చుని దేముడు గడియారం చూస్తున్నాడు. బైరాగి ఆ రోజు అతని సంచీ మోస్తున్నాడు. వేరే సభ్యుడి పని వదులుకుని వచ్చాడు. తొమ్మిది దాటాక మెల్లిగా అన్నాడు, "ఇప్పుడు బయలెల్లితే పదింటికల్లా ఆఫీసులో ఉంటావు."

"పొగ ఇడిపోతాది మావా."

"ఇడిపోయినా, ఆట నాలుగున్నర గంటలు."

అప్పటికి ఇంకా తలుపు తెరిచే ఉంది. కావాలంటే లేచి వెళ్లిపోవచ్చు. ఆ సంగతి దేముడికి తెలుసు, తెలిసే కూర్చున్నాడు. తొమ్మిదీ నలభైకి అతని జట్టుని పిలిచారు. అతను లేచి వెళ్లింది మొదటి హోల్ వైపు.

మొదటి తొమ్మిది హోల్‌లు అతనికి సరిగా గుర్తులేవు. దూరం కొట్టేటప్పుడు బాగానే ఉంది, దగ్గరికి వచ్చేసరికి చేయి వణుకుతోంది. ఒకచోట మూడడుగుల బంతి గుంట తప్పింది, దాని బదులు ఇంకోచోట పదిహేను అడుగుల బంతి తనంతట తనే హోల్‌లో పడింది. పన్నెండు దాటేటప్పటికి పదకొండో హోల్ మీద ఉన్నాడు. తండ్రి ఈపాటికి ఆఫీసు బెంచీ మీద ఉంటాడు. కొడుకు వచ్చేదాకా బాబు దగ్గర కూర్చుంటానని తెల్లవారుజామునే చెప్పాడు ఆయన. సుందరి చేయి పట్టుకుని తీసుకెళుతుందని కూడా.

పదమూడో హోల్ చెరువు మీదుగా కొట్టేది. నీటికి ఇవతల నిలబడి ఒకే దెబ్బలో బంతిని అవతలి పచ్చిక మీద వేయాలి. దేముడు కర్ర అందుకుని తల ఎత్తాడు. పక్కనే కట్టిన తాడుకి అవతల, పదిమంది చూసేవాళ్ల మధ్య, పాత నీలం స్కూలు స్వెట్టర్లో సుందరి నిలబడి ఉంది.

ఆమె ఆ క్లబ్బులో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. కేడీల గేటులోంచి ఎవరో దారి చూపించి ఉంటారు. పరుగెత్తుకుని వచ్చినట్టు నోటితో గాలి పీలుస్తోంది. అరవకూడదని ఆమెకి ఎవరు చెప్పారో, అరవలేదు. కుడిచేయి ఒక్కసారి భుజం దాకా ఎత్తి దించింది. ఆమె కళ్లు అతని కళ్లలోకి చూశాయి.

దేముడు తల దించుకుని బంతి వైపు చూశాడు.

"సుందరొచ్చింది," అన్నాడు బైరాగి, పెదవులు కదలకుండా.

"నాను సూడనేదు."

బైరాగి అతని మొహం వైపు చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు. దేముడు కొట్టాడు. ఆ ఏడాది మొత్తం మీద అంత శుభ్రమైన దెబ్బ అతను కొట్టలేదు. బంతి నీటి మీదుగా వెళ్లి జెండాకి అడుగున్నర దూరంలో ఆగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. అడుగున్నర నుంచి అతని చేయి వణకలేదు. దానికే అతనికి భయం వేసింది.

పద్నాలుగో హోల్ వెంట సుందరి తాడు అవతల కొంతదూరం నడిచింది. దేముడు ఎడమవైపు చూడకుండా నడిచాడు. తరవాత తిరిగి చూస్తే ఆమె లేదు.

పదిహేనులో ఒక దెబ్బ ఎక్కువైంది, పదిహేడులో ఇంకొకటి. పద్దెనిమిదో హోల్‌కి వచ్చేసరికి కట్ దాటాలంటే ఒక దెబ్బ తగ్గించి తీరాలి. ఎనిమిదడుగుల బంతి మిగిలింది. ఈ ఎనిమిదడుగులు పోతే తను చెల్లెల్ని చూడనట్టు నటించింది కూడా వృథా అని అతనికి అనిపించింది. అలాంటి ఆలోచనతో ఎవరూ బంతి కొట్టకూడదు. కొట్టాడు. బంతి అంచున ఒక్క క్షణం ఆగి లోపల పడింది.

స్కోరు కాగితం మీద సంతకం పెట్టి, బూట్లయినా మార్చుకోకుండా, టాక్సీ పట్టుకున్నాడు. ఆఫీసు మెట్లెక్కేటప్పటికి మూడు కావస్తోంది.

వరండాలో బెంచీ మీద సూరన్న ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, భుజాలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటున్నాడు. కొడుకు బూట్లకి అంటిన గడ్డి చూశాడు.

"బాబు నీకోసం గంటన్నర పైలు మూయనేదురా. నాను ఆయన కాళ్లకాడ కూకున్నాను," అన్నాడు.

జరిగింది హెడ్ క్లర్కు చెప్పాడు. పన్నెండు కొట్టగానే సూరన్న కూతుర్ని టాక్సీలో పంపాడట. ఒకటింబావుకి ఆ అమ్మాయి ఒక్కతే తిరిగొచ్చింది. అన్నియ్య రాడయ్యా అని తండ్రికి చెప్పి, ఆయన ఏడుస్తుంటే చూస్తూ కాసేపు నిలబడింది. తరవాత తనే బల్ల దగ్గరికి వచ్చి, పెళ్లికాని కూతురు సంతకం పెడితే చెల్లుతుందా అని శుభ్రమైన బెంగాలీలో అడిగింది. చెల్లుతుందని రూల్సు పుస్తకంలో ఉంది. ఆడవాళ్లకి కాలవల పని ఇవ్వరు, రోడ్లు ఊడ్చే పని ఇస్తారు. సుందరి సంతకం పెట్టింది. ఇప్పుడు డాక్టరు గదిలో ఉంది.

పేరు మార్చమని దేముడు చేతులు జోడించాడు. బాబు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, ఫైలు పైకి వెళ్లిపోయిందని, ఇంక ఏ పార్టీ దాదా వచ్చి చెప్పినా కాదని అన్నాడు.

సుందరి బయటికి వచ్చింది. ముగ్గురూ రోడ్డు మీదికి వచ్చి, తండ్రిని రిక్షా ఎక్కించారు. రిక్షా వెనక ఇద్దరూ నడిచారు. చాలాదూరం వచ్చాక సుందరి అంది, "నువ్వు నన్ను సూసినావు."

బైరాగికి చెప్పిన అబద్ధమే నోటి దాకా వచ్చింది. చెల్లెలి మొహం చూశాక అది బయటికి రాలేదు.

"సూసాను."

"అదే నాకు తెలవాలి," అని ఆమె గబగబా నడిచి రిక్షా పక్కకి వెళ్లిపోయింది.

దేముడు కట్ దాటాడు. శనివారం ఘోరంగా ఆడాడు, ఆదివారం కాస్త మెరుగు. పోటీలో అందరికన్నా కింద మిగిలిన నలుగురైదుగురిలో అతను ఒకడు. కానీ అరవై చుట్టూ ఉన్న మిగతావాళ్లు శుక్రవారమే పోవడంతో, ఏడాది లెక్కలో అతను యాభై ఎనిమిదో చోట తేలాడు. మరుసటి ఏడాది ఆడొచ్చు. నరసింహం గారు వచ్చి కౌగలించుకున్నారు. చెల్లెలికి ఉద్యోగం వచ్చిందట కదా, నీకు చోటు దక్కింది, మీ నాన్నకి ఇల్లు మిగిలింది, దేవుడు అన్నీ సర్దేశాడయ్యా అన్నారు. దేముడికి ఆయన చొక్కా పట్టుకుని ఏదైనా అనాలనిపించింది. వంగి కాళ్లకి దండం పెట్టాడు. ఆయనంటే ఇప్పటికీ కృతజ్ఞతే. అది కూడా నిజమే.

నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూ కాగితం జనవరి మొదటి వారంలో వచ్చింది. సుందరి దాన్ని మడిచి అప్పమ్మ చేతికిచ్చింది. అప్పమ్మ ఎక్కడ పెట్టిందో ఎవరూ అడగలేదు.

డ్యూటీలో చేరిన మొదటి రోజు తెల్లవారుజామున, చీపురు, చేతిబండితో సుందరి వీధి మొగలో నిలబడి ఉంటే దేముడు ఆమె దగ్గరికి వెళ్లాడు. అంత పొద్దున్నే టీ బంకు వాడు తప్ప ఎవరూ లేరు. ఆమె చేతిలోంచి చీపురు తీసుకుని ఊడవడం మొదలుపెట్టాడు. ఆమె చేతిబండి తోసుకుంటూ వెనకే నడిచింది. సగం వీధి ఊడ్చాక మేస్త్రీ వచ్చి, ఎవరి డ్యూటీ ఎవరు చేస్తున్నారని కేకలేశాడు. సుందరి చీపురు వెనక్కి తీసుకుంది.

"నానేటి సెయ్యనే?" అన్నాడు దేముడు.

"ఆడుకో. నాను నిన్ను ఆపనేదు కదా." ఆమె ఊడుస్తూనే అంది. "గెలిసినా ఓడినా నాకు సెప్పకు, అన్నియ్యా. ఇంట్లో ఆ మాట ఎత్తకు. అదొక్కటే."

అతను సరేనన్నాడు.

ఆ ఏడాది దేముడు పదకొండు పోటీలు ఆడాడు. కేడీల షెడ్లలోనే పడుకున్నాడు. హైదరాబాదు నుంచి నరసింహం గారు ఫారాలు నింపి పంపుతూనే ఉన్నారు. చేయి వణుకు పూర్తిగా పోలేదు, కానీ వణికే చేత్తోనే ఎలా కొట్టాలో కొంచెం కొంచెం తెలిసింది. ఆరుసార్లు కట్ దాటాడు. వచ్చిన డబ్బంతా తల్లి చేతిలో పెట్టేవాడు. ఏ ఊరి నుంచి వచ్చాడో చెప్పేవాడు గాని ఎలా ఆడాడో చెప్పేవాడు కాదు. సూరన్న ఆ వానాకాలం దాటలేదు. చనిపోయే ముందు కొడుకుతో మాట్లాడాడు, మందుల గురించీ కుళాయి గురించీ. ఆఫీసు సంగతి మళ్లీ ఎత్తలేదు.

నవంబరులో పుణే పోటీలో దేముడు మూడో స్థానంలో వచ్చాడు. పేపర్లో ఫోటో పడింది, ఇంగ్లీషులో పేరు పడింది. రైలు హౌరా చేరేసరికి పదకొండు దాటింది. ఇంటికొచ్చేటప్పటికి మధ్యాహ్నం. అప్పమ్మ పనిలోంచి ఇంకా రాలేదు. డ్యూటీ దిగి వచ్చిన సుందరి వరండాలో చాప మీద పడుకుని నిద్రపోతోంది. మడమలు పగిలి, ఆ పగుళ్లలో బ్లీచింగ్ పొడి తెల్లగా పట్టి ఉంది.

దేముడు సంచీ చప్పుడు కాకుండా గోడకి ఆనించి, మడిచిన పేపరు దాని అడుగున దాచేశాడు. గదిలోకి వెళ్లి కొబ్బరినూనె తెచ్చాడు. ఆమె మేలుకుంటుందేమోనని కాసేపు తటపటాయించి, తరవాత ఆమె పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాడు.